పండ్లకు మూడవ పుట్టుక

సంస్కృత నిఘంటువులలో ద్విజశబ్దమునకు మూడర్థములు ప్రసిద్ధములు: బ్రాహ్మణుడు, పక్షి, దంతము. ఉపనయనమున రెండవ జన్మము కలుగునని మొదటివానికి, గ్రుడ్డుగా నొకమారును పిల్లగా నొకమారును పుట్టునని రెండవదానికి, పాలపండ్లు రాలిన పిమ్మట మరల మొలచునని మూడవదానికి ఆ పేరు వచ్చినది. తరగతిలో నీ మాట చెప్పినపుడెల్ల పిల్లలు నవ్వుదురు. ఒకరిద్దరు నాలుకతో తమ పండ్లను తడవి చూచుకొందురు. ఈ మూడింటిలో మొదటివాని ద్విజత్వమును గూర్చి మన దేశమున జరిగినంత చర్చ మూడవదానిని గూర్చి జరుగలేదు. జందెము లేనివాడును అన్నము నమిలి తినగలడు. పండ్లు లేనివాడు ఎంతటి శ్రోత్రియుడైనను గంజి త్రాగవలసినదే.

ప్రకృతి దంతమునకు రెండు జన్మములే యిచ్చినది. మూడవది మనుష్యుడు కల్పించుకొన్నాడు. దానినే కట్టుడుపండ్లనియు, వాడుకలో పళ్ళసెట్టనియు అనుచున్నాము. పండ్లన్నియు పోయినవారికి ఈ సెట్టు గొప్ప యుపకారమే. కాని క్రింది సెట్టు కొన్ని యేండ్లకు వదులై, నోట నిలువక, పెట్టుకొన్నవారికి పండ్లు లేనినాటికంటె నెక్కువ బాధ కలిగించుట నేను మా యింటనే చూచితిని. ఆ బాధకు నేడు మంచి చికిత్స యున్నది. ఉన్నదని తెలియకపోవుటచే కొందరును, తెలిసియు "ఈ వయసులో నెందుకు?" అని ఇంటివారు త్రోసివేయుటచే కొందరును, మన వృద్ధులు, అందును వృద్ధస్త్రీలు, నోరు మూసికొని కాలము గడపుచున్నారు. వారి పక్షమున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

సెట్టు ఏల వదులగునో ముందు తెలిసికొందము. సామాన్యముగా జనులు దానిని చేసిన వైద్యుని నిందింతురు. "మొదట బాగానే యుండెను, ఇప్పుడు చెడిపోయినది" అందురు. చెడినది సెట్టు కాదు, దాని క్రింది నేల. పండ్ల మూలములను పట్టియుంచు దవడయెముక పండ్లకొరకే యేర్పడినది. నమలునపుడు కలుగు ఒత్తిడి పంటి మూలములద్వారా దానికి చేరుచున్నంతకాలము అది నిలిచియుండును. పంటిని పెరికిన నాటినుండి దానికి పనిలేదు. పనిలేని యెముకను శరీరము కొంచెము కొంచెముగా కరగించివేయును. మొదటి సంవత్సరమున ఈ క్షయము హెచ్చు. తరువాత మందగించును గాని ఆగదు. ఇరువదియైదేండ్ల కాలమునకు సంబంధించిన కొలతలను పరిశీలించి ఆంట్యే టాల్‌గ్రెన్ అను పరిశోధకురాలు 1972లో ఫలితములను ప్రకటించెను. వానిని బట్టి, కట్టుడుపండ్లు పెట్టుకొన్నవారి క్రింది దవడగట్టు పై దవడగట్టుకంటె సుమారు నాలుగురెట్లు హెచ్చుగా అరిగిపోవును.

ఇంతేకాక, పై సెట్టునకు అంగిలి యంతయు ఆధారము. తడి చిగురునకును సెట్టునకును నడుమ గాలి చొరనంతవరకు అది అంటుకొనియే యుండును. క్రింది సెట్టో, గుఱ్ఱపులాడము వంటి సన్నని పట్టీ. దాని నడుమ నాలుక, ఇరుప్రక్కల బుగ్గలు, ముందు పెదవి. ఇవన్నియు మాటాడినను, మ్రింగినను, నవ్వినను కదలుచునేయుండును. గట్టు ఎత్తుగా నున్నంతకాలము సెట్టు ఈ కదలికలకు ఓర్చుకొని నిలుచును. గట్టు అరిగి చదునైన పిమ్మట, ఏటిలో వదలిన పడవవలె ఎటు త్రోసిన అటు పోవును. నువ్వుగింజ గాని, ఆవకాయలోని ఆవపొట్టు గాని దాని క్రింద చేరెనా, చెప్పులో చేరిన ఇసుకరేణువువలె చిగురును ఒరసి పుండు చేయును.

మా మేనత్తకు డెబ్బది రెండేండ్లు. సంతానము లేదు. భర్త పోయిన నాటినుండి, ఇరువదియేండ్లుగా, మాతోనే యున్నది. పదునొకండేండ్ల క్రిందట పండ్లన్నియు పోగా రెండు సెట్లును చేయించితిమి. అయిదారేండ్లు సుఖముగా గడచినవి. తరువాత క్రిందిది వదులైనది. రెండుమార్లు అడుగున క్రొత్త పదార్థము పోయించి సరిచేయించితిమి. అంటించుకొను లేపనములు తెప్పించితిమి. లేపనము ఉదయము పూసిన మధ్యాహ్న భోజనమువేళకే కరగిపోయెడిది.

సాయంకాలము వీథి యరుగుమీద ఇరుగుపొరుగు పిల్లలను చేర్చి శతకపద్యములు చెప్పించుట ఆమెకు నిత్యవ్రతము. బడిలో నేను వ్యాకరణము చెప్పినను, మా వీథి పిల్లల ఉచ్చారణ చక్కబడినది ఆమె అరుగుమీదనే. అట్టి యామె మాటలో క్రమముగా తవర్గము మెత్తబడినది, సకారము ఈలవేయ నారంభించినది. ఇవి దంత్యములు, నాలుకకొన పైపండ్లను చేరుటచే పుట్టు ధ్వనులు. పై సెట్టు గట్టిగానే యున్నది కదా, దంత్యములు చెడుటకు కారణమేమని నేను కొంతకాలము ఆలోచించితిని. పిదప దంతవైద్యుడు చెప్పగా తెలిసినది. క్రింది సెట్టు లేచిపోకుండ ఆమె నాలుకయే దానిని సర్వదా అదిమిపట్టి యుంచుచుండెను. కావలి విడిచి కదలరాని సేవకుడు పాటకచేరీకి ఎట్లు పోగలడు? పద్యము నడుమ సెట్టు టకటకలాడుట విని పిల్లలు ఒకరినొకరు చూచుకొనసాగిరి. ఒకనాడు ఆమె "ఇక మీ మాస్టారు చెప్తాడు లెండర్రా" అని అరుగు దిగి లోపలికి వచ్చినది. మరల నెక్కలేదు.

మూడేండ్ల క్రిందట బంధువుల వివాహమున పంక్తిలో కూర్చుండి బొబ్బట్టు కొరికినంతనే సెట్టు దానితోకూడ వెలికి వచ్చినది. ఎదుట కూర్చున్న చిన్నపిల్ల పకపక నవ్వినది, పసిపిల్లను ఏమందుము? మా మేనత్త పమిటచెంగు నోటికి అడ్డము పెట్టుకొని లేచి వెళ్ళిపోయెను. పంక్తి నడుమ లేచుట ఆచారము కాదని గొణిగినవారు కలరు గాని, ఏల లేచినదని అడిగినవారు లేరు. ఆ నాటినుండి ఆమె ఇంటిలోకూడ అందరి భోజనములైన తరువాత వంటయింటి మూలను ఒంటిగా తినుచుండెను. తినునది పెరుగన్నము, ఇడ్డెన, అరటిపండు. ఆకుకూరల కాడలు, చిక్కుళ్ళు, జామపండు, జొన్నరొట్టె నోటికి దూరమైనవి. మెత్తని పిండిపదార్థములు తప్ప వేరొకటి పోని శరీరమున చక్కెర వ్యాధి అదుపు తప్పుట వింత కాదు. ఆరునెలలకొకమారు రక్తపరీక్ష చేయించి, "నియమము తప్పుచున్నారు" అని ఆమెనే మందలించు వైద్యులకు, ఆ నియమము నమలుటకు పండ్లు కావలయునని తోచలేదు.

వదులు సెట్టు బాధ క్రొత్తది కాదు, దేశాధిపతులకును తప్పలేదు. అమెరికా సంయుక్తరాష్ట్రముల మొదటి యధ్యక్షుడు జార్జి వాషింగ్టను 1789లో పదవి చేపట్టునాటికి ఆయన నోట సహజదంతము ఒక్కటియే మిగిలియుండెను. ఆయన సెట్లు కొయ్యవని లోకమున నొక కథ వ్యాపించినది గాని అది నిజము కాదు. నీటిగుఱ్ఱపు దంతము, మనుష్యుల పండ్లు, లోహములు చేర్చి వానిని చేసిరి. క్రింది పై సెట్లు ఊడిపోకుండ వెనుక తీగచుట్టలు అమర్చిరి. అవి రెంటిని ఎల్లప్పుడు విడదీయ చూచుచుండుటచే నోరు మూసియుంచుటకే బలము కావలసివచ్చెడిది. తరువాత 19వ శతాబ్దమున గట్టిపరచిన రబ్బరు వచ్చినది. 20వ శతాబ్దపు నాలుగవ దశకమున ఆక్రిలిక్ వచ్చినది. మన దేశమున డాక్టరు రఫీయుద్దీన్ అహమ్మద్ 1920లో కలకత్తాలో మొదటి దంతవైద్య కళాశాలను స్థాపించిన పిమ్మట ఈ విద్య ఇచ్చటను వేరూనినది. సెట్టు తేలికయైనది, చూపునకు సహజమైనది, వెల తగ్గినది. కాని దానిని మోయు ఎముక కరగుట మాత్రము తప్పలేదు. ఎంత మంచి సెట్టైనను చిగురుమీద ఊరక కూర్చుండునదే గాని, లోపల పాతుకొన్నది కాదు.

ఎముకలో పాతుకొను ఉపాయము, వేరొకదానిని వెదకుచుండగా దొరికినది. పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ (1929-2014) అను స్వీడను దేశీయుడు లుండ్ నగరమున 1952లో ఎముకయందలి రక్తప్రసారమును పరిశీలించుటకై, టైటానియము లోహముతో చేసిన చిన్న పరికరమును కుందేటి కాలియెముకలో అమర్చెను. పని ముగిసిన పిదప తీయబోగా అది ఊడి రాలేదు. ఎముక దానిని పరాయి వస్తువుగా నెంచక, దాని ఉపరితలమునకే పెరిగి అతుకుకొన్నది. వేరొకరైన పరికరము పోయెనని విసుగుకొని ఊరకుండెడివారేమో. ఆయన దీనినే పట్టుకొని పరిశోధించి, 1965లో గోథెన్‌బర్గ్ నగరమున గోస్టా లార్సన్ అను రోగి క్రింది దవడలో మొదటిసారి టైటానియపు ఇంప్లాంట్లను అమర్చెను. లార్సన్ 2006లో మరణించువరకు, నలువదేండ్లకు పైగా, అవి పనిచేసినవి. తోడి వైద్యులు చాలకాలము నమ్మలేదు. 1982లో టొరంటో నగరమున జరిగిన సభ తరువాతనే ఉత్తర అమెరికా ఈ పద్ధతిని అంగీకరించినది. ఎముక లోహమును ఈ విధముగా తనలో కలుపుకొనుటను మన భాషలో అస్థిసంయోగ మనవచ్చును.

ఇంప్లాంటనగానే నోరంతటికి పదో పన్నెండో అమర్చి, లక్షలు పోయవలెనని జనులు భయపడుదురు. వదులు సెట్టును నిలుపుటకు అన్ని యక్కరలేదు. క్రింది దవడలో ముందుభాగమున, ఒకప్పుడు కోరపండ్లుండిన తావులలో, కుడియెడమల ఒక్కొక్కటి చొప్పున రెండు చాలును. 2002లో మాంట్రియలు నగరమందలి మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున సమావేశమైన నిపుణులు, పండ్లు లేని క్రింది దవడకు రెండు ఇంప్లాంట్లమీద నిలుచు సెట్టే మొదట ఎన్నదగిన చికిత్స యని తీర్మానించిరి. 2009లో బ్రిటనునందలి యార్క్ నగరమున చేరిన నిపుణులును దీనిని బలపరచిరి. పని చేయు విధము రవికె టిచ్‌బొత్తాము వంటిది. ఎముకలోని ఇంప్లాంటు పైభాగమున చిగురుకు వెలుపల చిన్న గుండు గాని బొడిపె గాని ఉండును. సెట్టు అడుగున దానికి సరిపడు గుంట, లోపల నైలాను ఉంగరము ఉండును. నొక్కిన టిక్కుమని పట్టుకొనును. వ్రేళ్ళతో పైకి లాగిన ఊడివచ్చును. రాత్రి తీసి కడిగి నీటిలో నుంచవచ్చును.

మా ఊరి దంతవైద్యుడు ఈ సంగతి చెప్పిన నాటి సాయంకాలము మా యింట పెద్ద చర్చ జరిగినది. ఆతడు చెప్పిన వెల, క్రొత్త సెట్టుతో కలిపి తొంబదివేల రూపాయలు. మా పెదనాన్నగారు, అనగా మా మేనత్తకు అన్నగారు, ఎనుబది యేండ్లవారు, పడకకుర్చీలోనుండి "డెబ్బది రెండేళ్ళకు పళ్ళు మొలిపించుకోవడం ఎక్కడి చోద్యమమ్మా? జిహ్వచాపల్యం చంపుకోవలసిన వయసు కదా ఇది" అనిరి. వారిది కోపము కాదు. వారు పెరిగిన కాలమున వితంతువు నోటికి రుచి కోరుటయే తప్పు. ఆ కాలము పోయినదని మనము సభలలో చెప్పుకొనుచున్నాము గాని, వంటయింటి మూలలలో అది ఇంకను కొంత మిగిలియే యున్నది.

దానికి మా ఇల్లాలు ఇచ్చిన సమాధానము ఏ సంస్కర్త ఉపన్యాసమునకును తీసిపోదు. "మామయ్యగారూ, డెబ్బది ఆరో ఏట తమ రెండు కళ్ళలోనూ అద్దాలు పెట్టించాం కదా. ఈ వయసులో చూపెందుకని అప్పుడెవరూ అనలేదు" అన్నది. పెదనాన్నగారు కొంతసేపు పలుకలేదు. నిజమే కదా! శుక్లము తీసి కంటిలో కృత్రిమపు అద్దము పెట్టించుట నేడు ఇంటింటను ఉన్నది. దానిని చాపల్యమని ఎవరును అనరు. కన్ను జ్ఞానేంద్రియమనియు, నోరు భోగేంద్రియమనియు మనమొక భేదము కల్పించుకొన్నాము. అన్నము శరీరమునకు మొదటి యౌషధమని తెలిసియు, దానిని అరగించు పనిలో మొదటి మెట్టైన నమలుటను ముదుసలులకు అనవసరమనుచున్నాము. ఇక మాట సంగతి యన్ననో, వాగింద్రియము కర్మేంద్రియములలో మొదట లెక్కింపబడునది.

ధనమెక్కడిదను ప్రశ్న మిగిలినది. మా మేనత్త తన పేర పోస్టాఫీసులో లక్ష రూపాయలు దాచియుండెను. అది తన యపరక్రియలకు. "నా పది రోజులకూ మీమీద భారం పడకూడదు" అని పలుమారు చెప్పుచుండెడిది. ఆ ధనమును మేము అడుగలేదు. మేము తెచ్చుకొనగలిగినది వేరుగా చూచుచుంటిమి. ఆమెయే లోపలినుండి పుస్తకము తెచ్చి నా చేతిలో పెట్టి, "చచ్చిన తరువాత పెట్టే పిండం నమిలేదెవరురా? బ్రతికున్న నోటికి పెట్టించండి. అప్పటికి పిడికెడు నువ్వులు, చెంబెడు నీళ్ళు చాలు" అన్నది. సెట్టు ఊగుచుండుటచే నువ్వులను మాట సరిగా పలుకలేదు. అర్థము మాత్రము అందరికిని స్పష్టముగనే తెలిసినది.

శ్రాద్ధమును నిందించుట నా యుద్దేశము కాదు. మృతులయందు ప్రేమ చూపుట మంచిదే. కాని మన గృహముల ఆదాయవ్యయపు లెక్క చూడుడు. వివాహమున ఒక్కపూట విందునకు లక్షలు. సంవత్సరీకమున ఊరంతటికి గారెలు, బూరెలు. ఆ గారెలు ఎవరి పేర వండుదురో వారు బ్రతికియుండగా గారె కొరుకలేక విస్తరిముందు కూర్చుండి పప్పునీరు త్రాగుచుండిరని ఎందరము గమనించితిమి? పోయినవారికి పెట్టునది మన తృప్తికొరకు. ఉన్నవారికి పెట్టునది వారి యాకలికొరకు. రెండింటికిని చాలినంత ధనము లేనపుడు ఏది ముందో చెప్పుటకు శాస్త్రజ్ఞానము అక్కరలేదు.

చికిత్స జరిగిన తీరు, భయపడువారికి ఉపయోగపడునని, కొంచెము విపులముగా చెప్పెదను. మొదట చక్కెరవ్యాధిని అదుపునకు తెచ్చుటకు రెండునెలలు పట్టినది. తరువాత దవడ ఛాయాచిత్రము, స్కాను తీసి ఎముక లోతు, వెడల్పు కొలిచిరి. క్రింది దవడలో పెదవికి స్పర్శనిచ్చు నాడి యొకటి ఎముకలోపలి గొట్టముగుండ వచ్చి, కోరపంటికి వెనుక చిన్న రంధ్రమున వెలికి వచ్చును. రెండు రంధ్రములకు నడుమనున్న ముందుభాగమున అమర్చినచో ఆ నాడికి హాని కలుగు ప్రమాదము తక్కువ. అచ్చటి యెముకయు గట్టిది. పన్ను పెరుకునపుడు ఇచ్చు మత్తుసూదియే ఇచ్చిరి. ఎముకను తొలుచునపుడు ఉప్పునీటితో చల్లబరచుచునే యుండిరి. ఎముక 47 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఒక్క నిమిషమున్నచో దెబ్బతినునని 1983లో ప్రకటితమైన స్వీడను దేశపు పరిశోధనలలో తేలినది. దెబ్బతిన్న యెముక లోహమును పట్టదు. ఇంప్లాంటు ఒక్కొక్కటి సుమారు నాలుగు మిల్లీమీటర్ల లావు, పది మిల్లీమీటర్ల పొడవుగల మర. గంటకు కొంచెము మీరి రెండును అమర్చుట ముగిసినది. ఆ రాత్రి వాపు, మూడునాళ్ళు సలుపు, వారమునకు కుట్లు విప్పుట. "పళ్ళు పీకించుకున్నప్పుడే ఇంతకంటె నొప్పి పుట్టింది" అని ఆమె మాట.

తరువాతిది ఓర్పుతో చేయవలసిన పని. ఎముక లోహమును పట్టుటకు క్రింది దవడలో ఇంచుమించు మూడునెలలు కావలయును. అంతవరకు ఇంప్లాంట్లమీద ఒత్తిడి పడకుండ పాత సెట్టు అడుగును తొలచి, మెత్తని పూత వేసి, జాగ్రత్తగా వాడుకొనుమనిరి. మూడునెలలు గడచినపిమ్మట బొడిపెలు బిగించి, క్రొత్త సెట్టులో గుంటలు అమర్చిరి. పాత సెట్టు మంచిస్థితిలో నున్నచో దానికే అమర్చవచ్చునట. మా మేనత్తది పదునొకండేండ్లు అరిగినది గనుక క్రొత్తది చేయించితిమి.

సెట్టు నొక్కగా టిక్కుమన్నది. మేము వెంటనే ఆమె మాట మారునని యెదురుచూచితిమి, మారలేదు. నాలుక ఇంకను దానిని అదిమిపట్టియే యున్నది! కావలి ఉద్యోగము పోయినదని దానికి తెలియుటకు పదిదినములకు పైగా పట్టినది. పిమ్మట ఒకనాటి ఉదయము పెరటిలో పూలు కోయుచు ఆమె తనలో తాను పద్యము చదువుకొనుట వినబడినది. తవర్గము ఐదక్షరములును వేరువేరుగా, తేటగా పలుకుచుండెను. వ్యాకరణపు పాఠములు చెప్పి జీవించువానికి అంతకంటె మధురమైన సంగీతము లేదు. ఇప్పుడామె అందరితో కూర్చుండి తినుచున్నది. గోంగూర, మునగకాడ, చిక్కుడుకూర, జొన్నరొట్టె తినగలుగుచున్నది. చక్కెర లెక్కయు కొంత దిగినది. అరుగుమీద మరల పిల్లలు చేరుచున్నారు.

దీనినంతయు చదివి ఇది సర్వరోగనివారిణి యని యెవరును భ్రమపడగూడదు. ఈ మూడవ పుట్టుక మొదటి రెండింటికి సమానము కాదు. వేయించిన సెనగలు, చెరకుముక్క కొరుకరాదు. సెట్టు కొంతవరకు చిగురుమీదనే ఆనియుండును. బొడిపెలు దానిని కదలకుండ పట్టియుంచునవి మాత్రమే. లోపలి నైలాను ఉంగరములు అరుగును. వదులైనపుడెల్ల మార్పించవలయును, దానికి కొద్ది వ్యయమగును. బొడిపెల చుట్టును మెత్తని కుంచెతో దినమునకు రెండుమార్లు శుభ్రము చేయకున్న, పంటికి వచ్చు చిగురువ్యాధి వంటిదే ఇంప్లాంటునకును వచ్చి చుట్టునున్న యెముకను తినివేయును. పొగ త్రాగువారిలో, చక్కెరవ్యాధి అదుపులో లేనివారిలో ఎముక సరిగా పట్టకపోవుట హెచ్చు. ఎముకలు గుల్లబారిన వ్యాధికి మందులు వాడుచున్నవారును, తలకు గాని మెడకు గాని పుట్టకురుపునకై కిరణచికిత్స పొందినవారును ముందుగా వైద్యునితో తప్పక చెప్పవలయును. కొన్ని ఇంప్లాంట్లు ఎంత జాగ్రత్తగా పెట్టినను పట్టక ఊడిపోవుటయు కలదు. పై దవడ యెముక మెత్తనిది గనుక అచ్చట రెండు చాలవు, సామాన్యముగా నాలుగు కావలయును. కాని పై సెట్టు వదులగువారు తక్కువ.

మరియొక హెచ్చరిక. రెండింటితో తీరు పనికి నోరంతయు స్థిరదంతములు బిగింతుమని లక్షల లెక్క చెప్పు చోట్లును పట్టణములలో కలవు. స్థిరదంతములు మంచివే, శక్తి గలవారు చేయించుకొనవచ్చును. కాని శక్తి లేనివారు ఆ లెక్క విని, చికిత్సయే లేదనుకొని వెనుదిరుగుట శోచనీయము. అడుగవలసిన ప్రశ్నలు నాలుగు: రెండు ఇంప్లాంట్లతో పని జరుగునా? నాకున్న యెముక చాలునా? ఇప్పుడున్న సెట్టునకే అమర్చవచ్చునా? మీదట ఏటేట ఏమి వ్యయమగును? వీనికి నెమ్మదిగా సమాధానము చెప్పువాని యొద్ద చేయించుకొనుడు. చెప్పుటకు విసుగుకొనువానిని విడిచిపెట్టుడు.

ఇంటి యజమానులకును, గృహిణులకును నా మనవి యొక్కటి. మీ యింట కట్టుడుపండ్లు పెట్టుకొన్న పెద్దవారుండినచో, ఒకపూట వారి ప్రక్కను కూర్చుండి భోజనము చేయుడు. వారు విస్తరిలో దేనిని ప్రక్కకు నెట్టుచున్నారో చూడుడు. నవ్వునపుడు చేయి నోటికి అడ్డము పెట్టుకొందురా? అందరి తరువాత తినెదమందురా? మాటలు తగ్గినవా? "వయసు కదా" అని వారే చెప్పుదురు, నమ్మవలదు. వారు అడుగరు. ఇతరులకు భారము కారాదని నేర్పి మనమే వారిని అట్లు పెంచితిమి. కావున అడుగవలసినవారము మనము. అడిగి, వైద్యునియొద్దకు తీసికొనిపోయి, చేయదగినదేదో తెలిసికొని, ఆ పిమ్మట వలదనుటయో వలయుననుటయో వారికే విడిచిపెట్టుడు. వారి నోరు, వారి నిర్ణయము.